చింతపండుతో తోమిన తూటాలు

ఖతర్‌లో కారు నడిపానంటే మా ఊళ్ళో అందరూ నమ్ముతారు. తూటాలు తోమానంటే మాత్రం నవ్వుతారు. గల్ఫ్‌కు పోవాలని వీసా కోసం తిరిగే కుర్రాళ్ళు అప్పుడప్పుడు మా ఇంటికి వచ్చి, "మామా, ఆడ ఎట్లుంటాది, ఏం జాగ్రత్తగా ఉండాల?" అని అడుగుతుంటారు. ఎండ గురించి, ఏజెంట్ల గురించి, నోరు అదుపులో పెట్టుకోవడం గురించి నాలుగు ముక్కలు చెప్పి పంపించేస్తాను. ఈ సంగతి మాత్రం చెప్పను. మొదలుపెట్టబోతే ఇప్పటికీ నాకు తల కొట్టేసినట్టవుతుంది. కాగితం మీదైతే ఎదురుగా ఎవరి ముఖమూ ఉండదు కనుక రాస్తున్నాను. నవ్వొస్తే నవ్వుకోండి, నేనేమీ అనుకోను.

తొంభైల్లో మాట. నేను దోహాలో అల్ హిలాల్‌లో ఒక పెద్దాయన ఇంట్లో హౌస్ డ్రైవర్ని. ఆయన్ని బాబా అనేవాళ్ళం, ఆయన భార్యను మామా అనేవాళ్ళం. పనివాళ్ళందరూ అట్లాగే పిలుస్తారు, అందులో చుట్టరికమేమీ లేదు. బాబా సైన్యంలో పనిచేసి రిటైరైన మనిషి. కుర్ర సిపాయిలకు గురి నేర్పించేవాడట. ఉద్యోగం పోయినా ఆ పిచ్చి పోలేదు. ప్రతి శుక్రవారం మధ్యాహ్నం నమాజు అయ్యాక, ఊరి బయట ఎడారిలో ఉన్న ఫైరింగ్ మైదానానికి తీసుకెళ్ళమనేవాడు. అక్కడ ఆయనలాంటి పాత సిపాయిలు నలుగురైదుగురు చేరేవాళ్ళు. టీ తాగడం, కాల్చడం, ఒకరి గురిని ఒకరు వెక్కిరించుకోవడం, ఇదే పని.

బాబా రైఫిల్ బాగా పాతది. దానికి సరిపోయే తూటాలు బజార్లో దొరికేవి కావు. అందుకని ప్రత్యేకంగా పర్మిషన్ తెచ్చుకుని, గ్యారేజీ వెనక గదిలో తన తూటాలు తనే తయారు చేసుకునేవాడు. తూటా పేలితే ముందరి ముక్క ఎగిరిపోతుంది, వెనక ఇత్తడి గుల్ల మిగులుతుంది. ఆ గుల్ల పాడవకపోతే దాన్నే శుభ్రం చేసి మళ్ళీ నింపుకోవచ్చు. తుపాకి మందు నింపే పని, మూతికి సీసపు ముక్క బిగించే పని ఆయనవి. మందు ఉండే బీరువా తాళం ఆయన జేబులోనే ఉండేది, నేను చెయ్యి పెట్టింది లేదు. గుల్లలు శుభ్రం చేసే పని మాత్రం నాది. మైదానంలో ఏరుకొచ్చి సబ్బు నీళ్ళతో కడిగి, పాత దుప్పటి మీద ఎండబెట్టి, అక్రోట్ పెంకుల నూక నింపిన ఒక డబ్బా మిషన్‌లో వేసి స్విచ్ నొక్కాలి. అది గరగరా తిరుగుతూ వాటిని సాపు చేస్తుంది. తీశాక లైటు కింద ఒక్కొక్కటీ తిప్పి, ఎక్కడైనా చీలిక ఉందేమో చూడాలి.

ఆ చూసే పని నాకెందుకు వచ్చిందంటే, బాబా కళ్ళు మసకబారుతున్నాయి. ఒక కంటికి పొర తీయించుకున్నాడు, రెండోది వాయిదా వేస్తున్నాడు. దూరంగా ఉన్న నల్లచుక్క కనిపించేది గాని చేతిలో ఉన్న గుల్ల మీద గీత కనిపించేది కాదు. "సవ్వాగ్, దగ్గర చూపు నీది, దూరం చూపు నాది" అనేవాడు. సవ్వాగ్ అంటే డ్రైవర్. నా పేరు ఆయనకు నోరు తిరిగేది కాదు. నిజం చెప్పాలంటే, బండి తోలడం కంటే ఆ గదిలో కూర్చోవడమే నాకు గొప్పగా ఉండేది. చుట్టుపక్కల విల్లాల్లో డ్రైవర్లందరూ కూరగాయల సంచులు మోస్తుంటే, నేను తూటాలు పరీక్ష చేసే మనిషిని. ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ పేటలో మా జిల్లా వాళ్ళు ఉండే రూముకు పోయినప్పుడు కొంచెం గొంతు పెంచే మాట్లాడేవాణ్ణి.

ఆ ఏడు చలికాలం మొదట్లో మిషన్ కాలిపోయింది. ముషైరిబ్‌లో మోటార్లు చుట్టే షాపుకు తీసుకుపోతే, బొంబాయి మెకానిక్ ఒకాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "బుక్రా" అన్నాడు. రేపు అని అర్థం. వెళ్ళినప్పుడల్లా అదే మాట. ఇంతలో బాబా రెండో కంటి పొర కూడా తీయించుకోవడానికి కొడుకుతో కలిసి లండన్ వెళ్ళాల్సి వచ్చింది. ఆయన వచ్చిన వారానికే మైదానంలో పాత దోస్తులంతా కలుస్తున్నారు, వేరే ఊళ్ళనుంచి కూడా వస్తున్నారు. కారెక్కేముందు నాతో ఒకే మాట చెప్పాడు: "గుల్లలు సబ్బు నీళ్ళతో కడిగి ఆరబెట్టి ఉంచు. మిగతాది నేను వచ్చాక చూసుకుందాం."

అంతవరకు చేసి ఊరుకుంటే ఈ కథే లేదు. కడిగి ఆరబెట్టాను. నల్లగా, మసిబారి, చూడటానికి దరిద్రంగా ఉన్నాయి. పెద్దవాళ్ళంతా వచ్చే రోజున మా బాబా ఇవి పెట్టి కాలుస్తాడా అనిపించింది. ఆయనకు లేని పట్టింపు నాకు పుట్టింది. అక్కడికీ తూటాల మీద నా పేరు రాసి ఉంటుందన్నట్టు!

మా ఇంట్లో వంట చేసే అక్క గోదావరి జిల్లా ఆవిడ. వంటింటి గుమ్మంలో నిలబడి ఆవిడతో అన్నాను. "అక్కా, ఇత్తడి చెంబులు మనమెట్లా తోముతాం?"

"చింతపండూ ఉప్పూ. ఏం, ఇక్కడ చెంబులెక్కడున్నాయి నీకు?"

"తూటా గుల్లలు ఉండాయి కదా. ఇత్తడే."

ఆవిడ చేతిలో గరిటె పట్టుకుని ఒక్క నిమిషం నావైపు చూసింది. "పెద్దాయన చెప్పాడా?"

"వచ్చినాక చూసి ఆయనే సంతోషపడతాడు లే అక్కా."

"నాకెందుకొచ్చిన గొడవ తమ్ముడూ" అంటూనే ఆవిడ డబ్బాలోంచి ఇంత చింతపండు తీసి ఇచ్చింది. ఆవిడది జాలి గుండె. ఎవరేం అడిగినా లేదనేది కాదు.

ప్లాస్టిక్ బకెట్లో చింతపండు పిసికి, రెండు గుప్పెళ్ళ రాళ్ళుప్పు వేసి, గుల్లలన్నీ అందులో పోశాను. చెంబైతే పులుసు పూసి, రుద్ది, వెంటనే కడిగేస్తాం. మా అమ్మ చేతిలో ఎప్పుడూ నిమిషం కూడా పట్టేది కాదు. నేనూ అట్లాగే చేద్దామనుకున్నాను. కానీ సరిగ్గా అప్పుడే మామా పెళ్ళికి వెళ్ళాలని పిలిచింది. ఆ పెళ్ళి, తర్వాత వాళ్ళ చెల్లెలి ఇల్లు, ఆడవాళ్ళను ఎవరిళ్ళకు వాళ్ళను దింపడం, ఇవన్నీ అయ్యేసరికి బకెట్ సంగతే మర్చిపోయాను. పొద్దున్నే కారు తుడవడానికి నీళ్ళు పట్టబోతే గుర్తొచ్చింది.

తీసి చూస్తే గుల్లలు పచ్చగా లేవు. ఒకరకం ఎర్రగా, కొత్త రాగిచెంబు రంగులో ఉన్నాయి. అక్కను పిలిచి చూపించాను.

"ఇదేంటి తమ్ముడూ, ఇత్తడికి రాగి రంగొచ్చింది?" అంది. "మా ఇంట్లో ఎప్పుడూ ఇట్టా అవ్వలేదు. ఏదో తేడా చేసింది. అలా ఉంచెయ్యి, ఆయనొచ్చాక చూపించు."

నాకంటే తక్కువ చదువుకున్న మనిషి చెప్పిన మాట కాబట్టి వినలేదని రాస్తే గౌరవంగా ఉంటుంది గాని, అది కూడా కాదు. ఎవరు చెప్పినా వినేవాణ్ణి కాదు. గుల్లలు మెరవాలి, అంతే నా బుర్రలో ఉన్నది. ముషైరిబ్ పోయి ఇత్తడి సామాన్లకు రాసే పాలిష్ సీసా తెచ్చాను. మూత తీస్తే ముక్కు పగిలేంత ఘాటు. గుడ్డతో ఒక్కో గుల్లా రుద్దుతూ కూర్చున్నాను. ఎరుపు పోయి పసుపు వచ్చింది. అది పైపై పసుపని, పులుపూ ఉప్పూ తిని లోపల లోహం పుచ్చిందని నాకు తెలియదు. కానీ రంగు మారడం మంచిది కాదని తెలుసు. తెలుసు కాబట్టే అంత కష్టపడి రుద్దాను. లైటు కింద చీలికలు కూడా చూశాను. ఒక్కటీ కనపడలేదు.

బాబా వచ్చి చూసి ఎంత మురిసిపోయాడో! గుల్లను కళ్ళ దగ్గర పెట్టుకుని, దూరం పెట్టుకుని, గడ్డానికి తాకించుకుని చూశాడు. "మిషన్ వచ్చిందా?" అన్నాడు.

"లేదు బాబా. చేత్తోనే."

"చేత్తోనా? ఇన్నీ?"

"చేత్తోనే."

అబద్ధం కాదు, చేత్తోనే రుద్దాను. చింతపండు మాట అక్కడే అని ఉంటే ఆయనకు వెంటనే అర్థమయ్యేది. ఆ మాట అంటే నా గొప్ప సగం చింతపండుకు పోతుందని మింగేశాను. ఆయన నా అరచేతులు పట్టుకుని తిప్పి చూసి, "మాషా అల్లా" అన్నాడు. ఆ సాయంత్రం మామాను, కొడుకును కూడా గదికి పిలిచి చూపించాడు.

ఆ శుక్రవారం మైదానం పెళ్ళిపందిరిలా ఉంది. తివాచీలు, దిండ్లు, కహ్వా అనే అరబ్బు కాఫీ ఫ్లాస్కులు. ముసలివాళ్ళంతా కుర్రాళ్ళైపోయి ఒకరి మీద ఒకరు చేతులేసుకుని అరుస్తున్నారు. బాబా తన తూటాల పెట్టె తెరిచి అందరికీ చూపించి, వెనక నిలబడ్డ నన్ను వేలితో చూపించాడు. వాళ్ళలో ఒక లావాటి పెద్దమనిషి, బాబాతో పాటు పనిచేసినాయన, తూటాలో తన గడ్డం చూసుకుంటున్నట్టు నటించాడు. అందరూ నవ్వారు. నేను మట్టికి నాలుగంగుళాల పైన నడుస్తున్నాను.

బాబా మొదటి రెండు మూడూ బాగానే కాల్చాడు. తర్వాతదానికి చప్పుడు తేడాగా వచ్చింది. ఎప్పుడూ వినే చప్పుడు కాదది, తలుపు దబాల్న కొట్టుకున్నట్టు మొద్దుగా వచ్చింది. రైఫిల్ పక్కనుంచి పొగ చిమ్మింది. బాబా వెనక్కి పడ్డాడు.

నేను పరిగెత్తాను. కాల్చేటప్పుడు ఆయన పెట్టుకునే కళ్ళద్దం ఒక వైపు పగిలి నెర్రెలిచ్చింది. దవడ మీద నల్లగా మసి, మసిలోంచి ఎర్రటి చుక్కలు. ఆ అద్దమే లేకపోతే కొత్తగా బాగుచేయించుకున్న కన్నే పోయేది. లావాటాయన రైఫిల్ తెరవడానికి కిందామీదా పడి, చివరికి గుల్లను ముక్కలుగా బయటికి తీశాడు. అడుగు భాగం నిలువునా చీలి ఉంది.

"ఏం జరిగింది?" అని అందరూ ఒకేసారి అడుగుతున్నారు.

బాబా దవడ పట్టుకుని మెల్లగా అన్నాడు. "మందు ఎక్కువ పోసుంటాను. తూకం ముల్లు సరిగ్గా కనపడలేదేమో. తప్పు నాది."

వాళ్ళు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. ఒకాయన తల పక్కకు తిప్పుకున్నాడు. జీవితమంతా పక్కవాడికి గురి నేర్పిన మనిషి, తన తూటా తను సరిగ్గా నింపుకోలేని ముసలాడైపోయాడని ఆ చూపుల్లో తేలిపోయింది. బాబాకు కూడా అర్థమైంది. దెబ్బ కంటే అదే ఆయనకు ఎక్కువ తగిలింది.

అప్పుడు నేను నోరు తెరిచాను. ఆ ఒక్క పనీ ఆలస్యం చేయలేదు. "లా, కాదు బాబా! తప్పు నాది. అనా, నేను. ఇమ్లీ వేసి కడిగినా. రంగు మారింది. పాలిష్ రుద్దినా." అరబ్బీ, హిందీ, చేతి సైగలు అన్నీ కలిపి చెప్పాను. బకెట్ చూపించాను, పిసకడం చూపించాను, రుద్దడం చూపించాను. ఇమ్లీ అంటే చింతపండని వాళ్ళకు తెలియదు. వాళ్ళకు కనిపించింది ఒక్కటే. కళ్ళల్లో నీళ్ళు పెట్టుకుని, గుండెలు బాదుకుంటూ, తప్పు తనమీద వేసుకుంటున్న నౌకరు.

లావాటాయన లేచొచ్చి నన్ను గట్టిగా కౌగిలించుకున్నాడు. "షూఫ్, చూడండి! యజమాని పరువు కాపాడటానికి ఎట్లా ఏడుస్తున్నాడో. ఇట్లాంటి మనిషి మా ఇంట్లో ఒక్కడు లేడు" అన్నాడు.

"అది కాదు బాబా, నిజం..."

"చాలు, చాలు. నువ్వు మంచివాడివి." భుజాలు తట్టారు. ఒకాయన కహ్వా పోసి చేతికిచ్చాడు. నేను ఎంత కాదంటే అంత మంచివాణ్ణవుతున్నాను. బాబా నావైపు చూసి, కళ్ళు దించుకుని, "ఖలాస్, ఊరుకో" అన్నాడు. డ్రైవర్ సాయంతో పరువు దక్కించుకునే గతి పట్టిందని ఆయన బాధ. ఆ కప్పు పట్టుకుని నిలబడ్డప్పుడు నా మీద నాకు పుట్టిన అసహ్యం ఇంతా అంతా కాదు. తిడితే పడటం తేలిక. ఆ మెచ్చుకోలు పడటం నా వల్ల కాలేదు.

ఇంటికి వచ్చాక ఇంకా ఘోరం. కారు దిగేసరికే వార్త నాకంటే ముందు లోపలికి పోయింది. మామా నా కోసం ప్రత్యేకంగా మాంసం అన్నం పంపించింది. కొడుకు, ఎప్పుడూ నాతో రెండు మాటలు మాట్లాడనివాడు, గేటు దగ్గర ఆగి చేయి కలిపాడు. కలిపి, గొంతు తగ్గించి ఇంకో మాట చెప్పాడు. "రేపు కాక వచ్చే శనివారం రైఫిల్, పర్మిషన్ కాగితం పోలీసులకు అప్పగించేస్తున్నాం. గ్యారేజీ వెనక గది కూడా ఖాళీ చేయించాలి. నాన్న ఒప్పుకున్నాడు."

బాబా ఒప్పుకున్నాడంటే, నిజంగానే ఒప్పుకున్నాడు. ఆ వారం ఆయన ఆ గది వైపే రాలేదు. అతిథులు కూర్చునే మజ్లిస్‌లో ఒక మూల కూర్చుని, చెయ్యి ముందుకు చాపి వేళ్ళు వణుకుతున్నాయా లేదా అని చూసుకోవడం నేను కిటికీలోంచి చూశాను. వణకడం లేదు. ఆయనకు మాత్రం వణుకుతున్నట్టే కనిపిస్తోందేమో. ఫోన్ మోగితే ఎత్తేవాడు కాదు.

ఒకరోజు టీ ఇచ్చే వేళ ధైర్యం చేసి మళ్ళీ చెప్పబోయాను. చెయ్యెత్తి ఆపేశాడు. "నా కోసం అబద్ధం చెప్పొద్దు. నాకు ఇంకా సిగ్గుగా ఉంటుంది" అన్నాడు.

వంటింట్లోకి వెళ్ళి అక్క ముందు కూలబడ్డాను. "చెప్తే నమ్మలేదక్కా."

ఆవిడ ఉల్లిపాయలు తరగడం ఆపలేదు. "నమ్మలేదంటే దేవుడు నీ పక్షాన ఉన్నాడనుకో. నువ్వు చెప్పేసేవు కదా, నలుగురిలో చెప్పేవు. ఇంక నీ మీద ఏముంది? మళ్ళీ కెలికితే పాస్‌పోర్టు మీద ఎగ్జిట్ ముద్ర కొట్టి విమానం ఎక్కిస్తారు. నిన్నొక్కణ్ణే కాదు, చింతపండు ఇచ్చింది నేనే కదా. నాకు ఇద్దరు పిల్లలు తమ్ముడూ."

"నీ మాట ఎత్తను."

"ఎత్తకపోతే చింతపండు నీ జేబులోంచి వచ్చిందా?" అని కళ్ళు తుడుచుకుంది. ఉల్లిపాయలకో, భయానికో తెలియదు. నాకూ భయంగానే ఉంది. ఆ వీసా కోసం మా ఇంట్లో ఏమేం అమ్మామో నాకు తెలుసు. ఆవిడ చెప్పిన మాట ఎంత హాయిగా ఉందంటే, రెండు రోజులు దాన్నే పట్టుకుని తిరిగాను. నేను చెప్పాను, వాళ్ళు నమ్మలేదు, ఇక నా పూచీ లేదు. అద్దంలో చూసి గడ్డం గీసుకునేటప్పుడు మాత్రం ఆ మాట పనిచేసేది కాదు.

బుధవారం ఉదయం కొడుకు అట్టపెట్టెలు తెచ్చి గది ముందు పడేశాడు, సర్దమని నాతోనే చెప్పాడు. లోపలికి పోయి అరలు దించుతుంటే, నేను తోమినవాటిలో నింపకుండా మిగిలిపోయిన గుల్లలు గిన్నెలో కనిపించాయి. పక్క డబ్బాలో మిషన్ కాలిపోకముందు సాపు చేసినవి. రెండు రకాలూ కొన్ని జేబులో వేసుకుని, బల్ల మీది పటకారు తీసుకుని నేరుగా మజ్లిస్‌లోకి పోయాను. చెప్పులు బయట విడిచానో లేదో కూడా గుర్తులేదు.

"బాబా, నా మాట వద్దు. మీ చేత్తో మీరే చూడండి."

పాత గుల్ల ఒకటి ఆయన చేతికిచ్చి పటకారుతో నొక్కమన్నాను. విసుక్కుంటూ నొక్కాడు. మూతి చక్కగా చపటా అయింది. తర్వాత నేను తోమినది ఇచ్చాను. నొక్కగానే వేరుశనక్కాయ తొక్కలాగా చిట్లింది. ఇంకొకటి నొక్కాడు. అదీ చిట్లింది. చిట్లిన చోట లోపల ఎర్రగా, పుచ్చుగా ఉంది. ఆయన చూడలేకపోయినా వేలితో తడిమి పట్టుకున్నాడు.

"దీనికి ఏం పెట్టావు?"

వంటింట్లోకి పరిగెత్తి చింతపండు ముద్ద తెచ్చాను. అక్క గుమ్మం దాకా నా వెనకే వచ్చి, అక్కడే నిలబడిపోయింది. బాబా దాన్ని వాసన చూశాడు, చివర కొరికాడు.

"తమర్ హిందీ! రంజాన్‌లో మనం షర్బత్ చేసుకుని తాగేదా?"

"అదే బాబా. ఉప్పు కూడా వేసి, మధ్యాహ్నం నుంచి తెల్లారేదాకా నానబెట్టినా. మా ఊళ్ళో చెంబులు అట్లా తోముతాం. ఎర్రబడితే పాలిష్ పెట్టి రుద్దినా."

ఆయన గట్టిగా నవ్వాడు. ఆ నవ్వు చూసి నాకు ప్రాణం లేచొచ్చింది. "అయితే నా తూకం సరిగ్గానే ఉంది! నా చెయ్యి సరిగ్గానే ఉంది!" అని రెండు చేతులూ పైకెత్తి చూసుకున్నాడు. లోపలికి కేకేసి మామాను పిలిచాడు. ఆవిడ వచ్చేలోపు ఏదో ఆలోచన వచ్చినట్టు ఆయన ముఖంలో నవ్వు ఆగిపోయింది. పటకారు కింద పెట్టాడు.

"తమర్ హిందీ సరే, నీకు తెలియదు. ఎర్రబడింది చూశావు కదా?"

"చూశాను బాబా."

"చూసి, నాకు కనపడకుండా రుద్దావు."

నేను కనపడకూడదని కాదు, మెరవాలని రుద్దాను అని చెబుదామనుకున్నాను. ఆ రెంటికీ తేడా ఏమిటో నాకే తెలియలేదు. వంగి, చిట్లిన ముక్కలు ఏరుతుంటే ఆయన, "శుక్రవారం ఇవన్నీ తీసుకుని రా. వాళ్ళకు నువ్వే చెప్పు" అన్నాడు. గుమ్మంలో ఉన్న అక్కవైపు ఒకసారి చూశాడు గాని ఏమీ అడగలేదు.

శుక్రవారం మైదానంలో తివాచీ మీద ఒక పళ్ళెంలో చింతపండు, ఒక పళ్ళెంలో గుల్లలు పెట్టుకుని, ఆ పెద్దమనుషుల ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను. బజార్లో గారడీవాడిలా ఉన్నానని నాకే తెలుస్తోంది. ఈసారి మాటలు ముందే నేర్చుకుని పోయాను. కొడుకు కూడా వచ్చాడు. ఒక్కొక్కటీ పటకారుతో చిట్లగొట్టి చూపించాను. మొదట నవ్వారు. తర్వాత నవ్వు ఆగిపోయింది, ఎందుకంటే పగిలిన కళ్ళద్దం అందరికీ గుర్తొచ్చింది. పోయినసారి నన్ను కౌగిలించుకున్న లావాటాయన గుల్ల ముక్కను వేళ్ళతో నలిపి, నావైపు చూసి, చెయ్యి తన బట్టకు తుడుచుకున్నాడు. ఆ తుడుచుకోవడం నేను ఈనాటికీ మర్చిపోలేదు.

తర్వాత ఆయనే లేచి తన రైఫిల్, తన తూటాలు బాబాకు అందించాడు. బాబా గురిపెట్టేముందు వెనక్కి తిరిగి, "సవ్వాగ్, బండిలో కూర్చో" అన్నాడు. నేను పోయి అద్దాలు ఎక్కించుకుని కూర్చున్నాను. చప్పుళ్ళు వినపడ్డాయి, తర్వాత అరుపులు, చప్పట్లు. కొడుకు పరిగెత్తుకుంటూ వెళ్ళి టార్గెట్ అట్ట తెచ్చి అందరికీ చూపిస్తున్నాడు. నాకు కనిపించలేదు గాని బాబా గురి తగిలిందని తెలిసింది. స్టీరింగ్ మీద తల పెట్టుకుని ఏడ్చాను. సంతోషమూ ఉంది అందులో, లేదని అనను.

రైఫిల్ అప్పగించలేదు. అట్టపెట్టెలు చెత్తలోకి పోయాయి. నన్ను పంపించనూ లేదు, జీతం తగ్గించనూ లేదు. అక్క జోలికి ఎవరూ పోలేదు. ఆవిడ ఆ తర్వాత చాన్నాళ్ళు, నేను వంటింట్లోకి వస్తే చింతపండు డబ్బా పై అరలోకి జరిపేది. ఆటపట్టించడానికే చేసేది, నేను కూడా నవ్వేవాణ్ణి. ఆ శుక్రవారం గడిచి తెల్లారేసరికి మాత్రం ఆ గదికి కొత్త తాళం ఉంది. మిషన్ బాగుపడి వస్తే బాబానే మోసుకుని లోపలికి పట్టుకెళ్ళాడు. దగ్గర చూపుకు భూతద్దం ఒకటి కొనుక్కున్నాడు. నేను సాయం పట్టబోతే, "నువ్వు కారు చూసుకో" అనేవాడు. కోపం ఉండేది కాదు ఆ మాటలో. నా పెళ్ళాం పిల్లల గురించి అడిగేవాడు, పండక్కి బట్టలు పెట్టేవాడు, ఆస్పత్రికి పోతే నా చెయ్యి పట్టుకునే మెట్లు దిగేవాడు. ఆ గది సంగతి మాత్రం మా మధ్య మళ్ళీ రాలేదు.

ఇంకొన్నేళ్ళు అక్కడే చేసి, మోకాళ్ళ నొప్పులు మొదలయ్యాక మానేసి వచ్చేశాను. వెళ్ళే రోజు ఉదయం సామాను కట్టుకుని, చీపురు పట్టుకుని గ్యారేజీ ఊడుస్తున్నాను. గది తలుపు తెరిచి ఉంది. బాబా లోపల స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. గుమ్మం దాకా వెళ్ళి ఆగాను.

"బాబా, ఒక్కసారి ఈ గది కూడా ఊడ్చి పోతాను."

ఆయన భూతద్దం దించి నావైపు చూశాడు. కాసేపు ఆలోచించినట్టే ఉంది. తర్వాత చాలా మర్యాదగా, "అక్కర్లేదు. శుభ్రంగానే ఉంది" అన్నాడు.

నేల మీద ఆ మూలనుంచి ఈ మూలదాకా అక్రోట్ నూక పడి ఉంది. నేను సరేనని తలూపి, చీపురు గోడకు ఆనించి, ఎయిర్‌పోర్టుకు బయల్దేరాను.